థర్మల్ కేంద్రాన్ని కూల్చే ఖర్చు ఇప్పటి నుంచే దాచాలా?

ముత్తుకూరు మాస్టారు:
2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత కొత్తగూడెం థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి పడగొట్టారు. ఆ వీడియో మా వీధిలో చూడనివారు లేరు. దుమ్ము అణిగాక అక్కడి నేల సంగతి ఏమిటన్నదే నన్ను వదలని ప్రశ్న.

నెల్లూరులోనూ ఒకప్పుడు 30 మెగావాట్ల చిన్న థర్మల్ కేంద్రం ఉండేది. నేటి పిల్లల్లో చాలామందికి ఆ మాటే తెలియదు. నేలటూరులోని దామోదరం సంజీవయ్య కేంద్రం అలా మరచిపోగలిగినది కాదు. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున మూడు ఉత్పత్తి యూనిట్లు. మొదటి రెండూ 2015లో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చాయి. టారిఫ్ (కరెంటు ధర నిర్ణయించే) లెక్కల్లో బొగ్గు కేంద్రం ఆయుష్షు 25 ఏళ్లు. ఇంకో పది, పదిహేనేళ్లు ఎక్కువ నడిచినా, ఆగే రోజంటూ ఒకటి ఉంది.

నా వాదన ఇది: కూల్చి, బూడిద తొలగించి, నేల బాగుచేయడానికి కావలసిన సొమ్మును కేంద్రం సంపాదిస్తుండగానే పక్కన పెట్టించాలి. అణు విద్యుత్తుకు యూనిట్‌కు 2 పైసలు ఇందుకోసమే వసూలు చేస్తారు. బొగ్గు గని మూసివేతకూ ఏటా ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప వేరే దేనికీ తీయలేని ఖాతాలో, జమ చేయాలి. ఆ బొగ్గును కాల్చే చోట మాత్రం ఎందుకు వద్దు? 2,400 మెగావాట్లు 60 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి సుమారు 1,260 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 2 పైసలంటే 25 కోట్ల రూపాయలు.

ఇందుకూరుపేట రొయ్యల రైతు:
మాస్టారూ, ఆ 25 కోట్లు ఎవరి జేబులోంచి వస్తాయో చెప్పలేదు. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు రాత్రంతా తిరగకపోతే నా చెరువులో తెల్లవారేసరికి రొయ్య మిగలదు. సర్దుబాటు చార్జీలంటూ ఇప్పటికే బిల్లులో ఒక వరుస చేరింది, ఇప్పుడు కూల్చివేత చార్జీ కూడానా? అంత ఉక్కు, రాగి ఉన్న కేంద్రాన్ని వేలం వేస్తే తుక్కు కొనేవాడే ఎదురు డబ్బిచ్చి పట్టుకుపోతాడు. ముప్పై ఏళ్ల తర్వాతి ఖర్చుకు ఈరోజు నా దగ్గర వసూలు చేయడం న్యాయం కాదు.

పాత ఫిట్టర్, కావలి:
అన్నా, తుక్కు ధర పలుకుతుందన్నది నిజం. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కువ పాడినవాడికి మొత్తం అప్పగిస్తే, వాడికి లాభం ఉక్కులోనే కనిపిస్తుంది. ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులను చెడగొట్టే పీచు), పాత నూనె, పాదరసం ఉన్న మీటర్లు, బూడిద గొట్టాలు వాడికి ఖర్చు. ఎవరైనా దేని మీద ముందు చేయి వేస్తారు?

నేను ముప్పై ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేశాను. పెద్ద బాయిలర్ నేల మీద కూర్చోదు. వేడికి కిందికి సాగాలి కాబట్టి పై దూలాల నుంచి వేలాడుతూ ఉంటుంది. వేల టన్నుల బరువు నెత్తిన పెట్టుకుని నిలబడిన స్తంభాలవి. ఏది ముందు కోయాలో, ఏది చివరిదాకా ఉంచాలో ఇంజినీరు లెక్క కట్టి గుర్తు పెట్టాలి. రోజుకూలీకి వచ్చిన కుర్రవాడి చేతికి గ్యాస్ కట్టర్ ఇచ్చి పైకి పంపే పని కాదు. ఇంగ్లండులోని డిడ్‌కాట్‌లో 2016 ఫిబ్రవరి 23న, కూల్చడానికి సిద్ధం చేస్తున్న బాయిలర్ భవనం దానంతట అదే కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. చివరి మృతదేహం సెప్టెంబరులో గానీ దొరకలేదు. అంత కట్టుదిట్టమైన దేశంలోనే అలా జరిగింది.

పాత కేంద్రాల్లో ఆవిరి గొట్టాల చుట్టూ ఆస్బెస్టాస్ చుట్టేవారు. దాన్ని తడిపి, సంచుల్లో కట్టి ముందే దించాలి. పేల్చాక ఏరుకుందామంటే అది గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఈ పనులకు నెలలు పడుతుంది. ఆ నెలల జీతం తుక్కు ధరలోంచి రాదు.

ఒంగోలు పద్దు:
మాస్టారి లెక్క సరిగ్గానే ఉంది, నమ్మకం దగ్గరే నాకు అడ్డు. నేను లెక్కలు తనిఖీ చేసేవాణ్ని. ఖాళీగా కనిపించే ఖాతా మీద ప్రభుత్వాల కన్ను ఎలా పడుతుందో చూశాను. జీతాలకు కటకట వచ్చిన నెలలో ఈ నిధి అప్పుగా వెళ్తుంది, తిరిగి రాదు. విద్యుత్ సంస్థ తాకలేని ఖాతా అయితేనే ఒప్పుకుంటాను. తుక్కు అమ్మకానికీ శుద్ధి పనికీ వేర్వేరు టెండర్లు ఉండాలి. శుద్ధి పూర్తయినట్టు తనిఖీ అయ్యేదాకా తుక్కు కొన్నవాడి ధరావతు తిరిగి ఇవ్వకూడదు.

కరెంటును లైన్లకు ఎక్కించే స్విచ్‌యార్డునూ హైటెన్షన్ లైన్లనూ కూల్చాల్సిన అవసరం లేదు. రేపు సౌర విద్యుత్తుకో, బ్యాటరీ నిల్వకో అవే పనికొస్తాయి.

ముత్తుకూరు మాస్టారు:
పద్దు గారి షరతులు రెండూ సమ్మతమే. రొయ్యల రైతు గారూ, నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఇది 4 రూపాయలు. మీ వాడకం ఎక్కువని తెలుసు, మీకు మినహాయింపు అడుగుదాం. కానీ బూడిద సంగతి మీరు వదిలేశారు. చిమ్నీ పడగొట్టడం ఒక పూట పని. బొగ్గు కాల్చగా మిగిలినదాన్ని నిల్వ చేసే బూడిద చెరువు అలా కాదు. అందులో ఆర్సెనిక్ వంటి విషాలు ఉంటాయి. అడుగు సరిగా లేకపోతే ఊట భూగర్భజలంలో కలుస్తుంది. కేంద్రం నడిచినంత కాలం చెరువును తడిపేవారు, గట్టు చూసేవారు ఉంటారు. ఆగిపోయాక ఎవరుంటారు? పేరుకుపోయిన పాత బూడిదను పదేళ్లలో దశలవారీగా వినియోగించాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ చెబుతోంది. ఆదాయమే లేని కేంద్రం ఆ లారీల కిరాయి ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ నీళ్లు చేరేది మీ వంటి వారి చెరువులకే.

ఇందుకూరుపేట రొయ్యల రైతు:
ఊట మాట నిజమే. బోరు నీటిలో ఉప్పు కాస్త పెరిగితేనే మేము తల పట్టుకుంటాం. అయినా వినియోగదారుడొక్కడి మీదే వేయడానికి నేను ఒప్పుకోను. సగం సంస్థ లాభాల్లోంచి రావాలి. ఇంకో మాట, కూల్చేటప్పుడు నేల పాడైందని తేల్చాలంటే ఇవాళ ఎలా ఉందో రాసి ఉండాలి కదా. చుట్టుపక్కల ఊళ్ల బావులు, బోర్లు ఈ ఏడాదే పరీక్షించి ఆ ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాలి. విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణకు మీరు అర్జీ రాసేటట్లయితే ఈ రెండూ మొదటి పేజీలోనే పెట్టండి. నేనూ సంతకం చేస్తాను.