"తినను" అంటే అలవాటా, నిరాకరణా? ఇంగ్లీషులో భవిష్యత్తు చెప్పడం మీద చర్చ

ప్రశ్న (బెంగళూరు మారతహళ్ళి పీజీ నుంచి ఒక చెల్లెలు): అన్నా, టీమ్ లంచ్‌లో "ఐ వోంట్ ఈట్ ఎగ్స్" అన్నాను. మా లీడ్ కంగారుగా "ఎందుకు, బాలేవా?" అని అడిగారు. నేను చిన్నప్పటి నుంచీ గుడ్డు ముట్టను, అంతే. విల్, గోయింగ్ టు రూల్సన్నీ బట్టీ పట్టాను. తప్పెక్కడ జరిగింది?

జవాబు: చెల్లీ, ఆ రూల్స్ పుస్తకాలు విల్‌కీ గోయింగ్ టుకీ తేడా చెప్పడంతోనే సరిపెడతాయి. తెలుగువాళ్ళం తడబడేది అక్కడ కాదు. "తినను" అంటే నాకు ఆ అలవాటు లేదనీ అర్థమే, ఇప్పుడు తినననీ అర్థమే. ఇంగ్లీషు రెంటినీ విడదీస్తుంది. అలవాటు లేకపోతే ఐ డోంట్ ఈట్, ఇప్పుడు తిననంటే ఐ వోంట్ ఈట్. మీ లీడ్‌కి వినిపించింది రెండోది, పెట్టినా తినేది లేదు అన్నట్టు. అందుకే కారణం అడిగారు.

"రోజూ మెట్రోలో వస్తాను", "రేపు మెట్రోలో వస్తాను" చూడండి. క్రియ మారలేదు. పాత వ్యాకరణాల్లో తద్ధర్మార్థకం (అలవాటుగా జరిగేది చెప్పే రూపం), భవిష్యత్తు అని వేరువేరుగా చెప్పారు గానీ, వాడుకలో ఆ రెండు పనులూ ఒకే రూపం చేస్తోంది. దాంతో రోజూ జరిగేదానికి కూడా "డైలీ ఐ విల్ కమ్ బై మెట్రో" అనేస్తాం. అక్కడ ఐ కమ్ చాలు. బెంగళూరులో ఇది మరీ పాతుకుపోయింది. వాడుక కన్నడలోనూ "దినా బర్తీని", "నాళె బర్తీని" అని రెంటికీ ఒకటే క్రియ. పక్క సీటువాళ్ళకూ అదే అలవాటైతే ఇక దిద్దేదెవరు?

ఇంకో సభ్యుడు: మరి "హీ విల్ సిట్ దేర్ ఫర్ అవర్స్" అని ఇంగ్లీషువాళ్ళూ అలవాటుకి వాడతారుగా?

జవాబు: వాడతారండీ. అది మనిషి తీరు చెప్పడం, గంటలు గంటలు అలా కూర్చునే రకం అని. మెట్రోలో వస్తానని చెప్పడానికి అది పనికిరాదు.

చెల్లెలు: "వెన్ ఐ విల్ రీచ్, ఐ విల్ కాల్ యూ" అంటే?

జవాబు: ఇక్కడ మన తెలుగే కాపాడుతుంది. "చేరగానే ఫోన్ చేస్తాను" అంటాం. చేరగానే అన్నదాంట్లో కాలం ఏముంది? "వానొస్తే రాను" అన్నప్పుడు వస్తే అన్నదాంట్లోనూ లేదు. కాలమంతా చివరి క్రియ మీదే. ఇంగ్లీషులోనూ విల్ ఆ చివరి పనికే: వెన్ ఐ రీచ్, ఐ విల్ కాల్ యూ. ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ వోంట్ కమ్. నన్నడిగితే ఈ పాఠం మనకు తెలుగులోనే మొదలుపెట్టాలి, సగం శ్రమ తప్పుతుంది.

"రేపు విజయవాడ వెళ్తున్నాను" అని టికెట్ తీశాక అంటాం కదా, ఐ యామ్ గోయింగ్ టు విజయవాడ టుమారో కూడా అచ్చం అంతే. ముందే కుదిరిన పని. రైలు వేళలకైతే విల్ అక్కర్లేకుండానే ది ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో అంటారు. మబ్బు చూసి "వాన పడేలా ఉంది" అనుకుంటే ఇట్స్ గోయింగ్ టు రెయిన్. ఫోన్ మోగగానే "నేను తీస్తా" అని లేస్తే, అప్పటికప్పుడు అనుకున్నది గనక ఐ విల్ గెట్ ఇట్.

చెల్లెలు: అయితే రేపు లీడ్‌తో ఏమనాలి?

జవాబు: "ఐ డోంట్ ఈట్ ఎగ్స్" అనమ్మా. ఆ ఒక్క పూటకే వద్దనుకుంటే "ఐ వోంట్ హావ్ ఎగ్స్ టుడే" అను, టుడే మరిచిపోకు.