గాలివాటం: వేటగాళ్ళ కరపత్రంలో ఈ మాట వాడొచ్చా?

అడుగుతున్నది, కాకినాడ నుంచి:
చిన్న ఫైబర్ పడవల మీద వేటకెళ్ళేవారి కోసం నాలుగు పేజీల కరపత్రం తయారవుతోంది. పెనుగాలిలో కెరటాలను వెనక పెట్టుకుని ఒడ్డుకు రావడాన్ని అందులో ‘గాలివాటంగా రావడం’ అని రాశాం. చదివి చూసినవారు ‘పడవను గాలికి వదిలేయమన్నట్టుంది’ అన్నారు. పత్రికల్లో ‘గాలివాటం గెలుపు’ అంటే కష్టపడకుండా కలిసొచ్చిందనే కదా. ఈ మాట ఉంచాలా, తీసేయాలా?

శ్రీకాకుళం నుంచి:
తీసేయకండి మాస్టారూ. ముందు వాటం సంగతి చూడండి. వాటం అంటే వాలు. మేస్త్రీ డాబాకు ‘నీళ్ళ వాటం’ ఇస్తాడు, ఎడమచేతితో పని చేసేవాడిది ‘ఎడమచేతివాటం’, చేతికి అనువుగా ఉంటే ‘వాటంగా’ ఉందంటాం. నీరు పల్లానికి పోయినట్టే గాలికీ ఒక వాలు ఉందనుకున్నాడు తెలుగువాడు, అదే గాలివాటం. రైతు ఈ మాటను ఇప్పటికీ అసలు అర్థంలోనే వాడతాడు. పురుగుమందు కొట్టేటప్పుడు గాలివాటం చూసుకోకపోతే మందు మొహానే పడుతుంది. తూర్పారబట్టేటప్పుడు చూసుకోకపోతే పొట్టు మళ్ళీ గింజల్లోకే వస్తుంది. అంటే ఈ మాటలో అజాగ్రత్త లేదు, ఉన్నదంతా జాగ్రత్తే. ‘నిలకడ లేని మనిషి’ అన్న అర్థం తర్వాత ఒడ్డు మీద అంటించింది.

తెరచాప రోజుల్లో వేట నడిచిందే గాలివాటం మీద. తెల్లారకముందు నేల మీద నుంచి సముద్రం మీదికి వీచే గాలితో తెప్ప వేసుకోవడం, మధ్యాహ్నం సముద్రం నుంచి నేలకు మళ్ళే గాలితో చాప ఎత్తి తిరిగి రావడం.

ఉప్పాడ నుంచి:
మాట సరైనదే, అయితే దాని కింద ఏం రాస్తారన్నదే అసలు విషయం. గాలినీ కెరటాన్నీ వెనక పెట్టుకుని రావడం పైకి తేలిక. పడవ ఊగదు, జల్లు మొహాన కొట్టదు. ప్రమాదం కూడా అక్కడే. కెరటాలు విరిగే చోట రెండు మీటర్ల లోతుంటే కెరటం గంటకు దాదాపు 16 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. వెనక తగిలించే చిన్న ఔట్‌బోర్డు ఇంజన్‌తో పడవ 12 దాటితే గొప్ప. అందుకని కెరటం వెనక నుంచి అందుకుని పడవ వెనకభాగాన్ని ఎత్తుతుంది, ముక్కు పల్లంలో గుచ్చుకుంటుంది. శిఖరం మీద నీరు కూడా పడవతో పాటే ముందుకు పరుగెడుతుంది కాబట్టి చుక్కాని పక్కన నీటి ఒరిపిడి ఉండదు. ఎంత తిప్పినా పట్టదు. ఇంజన్ పంకా కూడా నీళ్ళలోంచి బయటపడి గాలిలో తిరుగుతుంది. అంతలో పడవ అడ్డం తిరుగుతుంది, తర్వాతి కెరటానికి బోల్తా పడుతుంది.

కరపత్రంలో ఇవి తప్పకుండా రాయండి. విరిగే చోటుకు బయటే ఆగి, ముక్కు సముద్రం వైపు పెట్టి, కెరటాలను లెక్కపెట్టాలి. పెద్దవి గుంపుగా మూడో నాలుగో వస్తాయి, తర్వాత కాస్త తెరిపి ఉంటుంది. గుంపులో చివరిది పడవ కిందుగా వెళ్ళిపోగానే తిప్పి దాని వీపు వెనకే రావాలి. ఎంత తొందరున్నా దాన్ని దాటి ముందుకు దూకకూడదు, వెనకబడి తర్వాతి దానికి దొరకకూడదు. మనుషులు కొంచెం వెనక్కి జరగాలి, వలా చేపలపెట్టెలూ ముక్కు దగ్గర ఉండకూడదు. పడవ వెనకభాగం కెరటానికి సూటిగా ఉండాలి. చుక్కాని పట్టు వదిలినప్పుడు పొడుగు తెడ్డు పనికొస్తుంది, దాన్ని చేతికందేలా పెట్టుకోవాలి. ఇసుక తగిలేలోపు ఇంజన్ ఎత్తాలి.

పడవ ఇంకా అదుపు తప్పుతుంటే లావుపాటి తాడు 30, 40 మీటర్లు వెనక వలయంలా వదిలి, కొసలు చెరో మూలకు కట్టండి. వేగం తగ్గి వెనకభాగం నిలకడగా ఉంటుంది. తాడు ఉన్నంతసేపూ ఇంజన్ రివర్సు వేయకూడదు, పంకాకు చుట్టుకుంటుంది.

నీటి సంగతి కూడా రాయాలి. 8 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న అడుగున 10 సెంటీమీటర్ల నీళ్ళు నిలిస్తే 1,200 కిలోల పైమాటే. ఆ బరువు ఒకచోట ఉండదు, పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తుంది. తోడేవాడు వేరే పని పెట్టుకోకూడదు.

హైదరాబాదు నుంచి:
చిన్న సవరణ. గాలివాటం, కెరటవాటం ఎప్పుడూ ఒకటి కాదు. నైరుతి గాలి మన తీరం వెంబడి వీస్తుంటే, ఎక్కడో దూరాన పుట్టి వచ్చిన పొడుగాటి కెరటాలు, అంటే ఉబ్బు (స్వెల్), దక్షిణం నుంచి వేరే కోణంలో ఒడ్డును తాకుతుంది. గాలి ఏమీ లేని రోజున కూడా ఉబ్బు రావచ్చు. కేరళలో దీన్ని ‘కళ్ళక్కడల్’ అంటారు, అంటే దొంగ సముద్రం. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఈ ఉబ్బు హెచ్చరికలు విడిగా ఇస్తుంది, కాబట్టి గాలి సూచన ఒక్కటే చూస్తే చాలదు. కరపత్రంలో ‘గాలివాటంగా’ అని ఒక్క మాటే ఉంటే పడవవాడు వెనకభాగాన్ని గాలికి సూటిగా పెడతాడు, కెరటం పక్క నుంచి కొడుతుంది.

కాకినాడ నుంచి:
ఇది మాకు తట్టలేదు, మారుస్తాం. మరి ఒడ్డుకు రాలేనంత ఉధృతంగా ఉంటే ‘ఎదురు నిలవాలి’ అంటే చాలా? ‘ఏటికి ఎదురీదడం’ అంటే మొండి ధైర్యమన్న అర్థం ఉంది కదా.

ఉప్పాడ నుంచి:
సముద్రంలో ఎదురు నిలవడమే భద్రం. ముక్కు కోసుగా ఉంటుంది, కెరటాన్ని చీలుస్తుంది. నేరుగా కొట్టుకోకుండా కొంచెం ఏటవాలుగా ఎక్కి, శిఖరం దగ్గర ఇంజన్ తగ్గించాలి. లేకపోతే పడవ అవతలి పల్లంలో దబ్బున పడి అడుగు పగులుతుంది. ఇంజన్ ఆగిపోతే ముక్కు నుంచి నీటి లంగరు వదలండి, అది నీటిని పట్టుకుని ముక్కును కెరటం వైపే నిలుపుతుంది. మీటరు మూతి ఉన్న కాన్వాసు గరాటు ఉంటే సరే, లేకపోతే వల మూట కట్టి వదిలినా పని చేస్తుంది. ఆరు సెకన్లకొకటి వచ్చే కెరటాలు లోతులో ఒకదానికొకటి సుమారు 56 మీటర్ల దూరంలో ఉంటాయి. తాడు అంత ఉంటే పడవా మూటా ఒకేసారి ఎక్కి దిగుతాయి, తాడు గుంజుకోదు. అంచు మీద తాడు ఒరిసే చోట గోనెగుడ్డ చుట్టాలి, అక్కడే ముందు తెగుతుంది.

శ్రీకాకుళం నుంచి:
అయితే ఆ వాక్యం ఇలా మార్చండి: ‘గాలివాటం ఎటో, కెరటవాటం ఎటో విడివిడిగా చూసుకోండి. ఒడ్డుకు వచ్చేటప్పుడు కెరటవాటంగా, దాని వీపు వెనకే రండి. రాలేనప్పుడు ముక్కు కెరటానికి పెట్టి లోతులోనే నిలవండి.’ ఇంగ్లీషు ‘సీ యాంకర్’ను చూసి ‘సముద్రపు లంగరు’ అనొద్దు, అది నేలకు పట్టేదనుకుంటారు. ‘నీటి లంగరు’ బాగుంది.

కాకినాడ నుంచి:
అలాగే మారుస్తున్నాం. ‘కెరటవాటం’ నిఘంటువులో ఉందో లేదో అని ఆగం.