విషాద సారంగధర: నరికే ఘట్టానికి నీడ తెర, పావురం దారం గురించి సలహా కావాలి

ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర'ను ఔత్సాహిక బృందంగా వేస్తున్నాం. రెండున్నర గంటలకు కుదించాం. సిద్ధుడొచ్చి కాళ్లూ చేతులూ తిరిగిచ్చే కథాంతం మాకొద్దు, కాబట్టి సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికే ఘట్టం జనం నమ్మి తీరాలి.

దానికి నీడ తెర కట్టాం. వెనక పది అడుగుల్లో పొడవాటి ట్యూబు బల్బున్న 1000 వాట్ల హాలోజన్ ఫ్లడ్ లైటు, నటుడు తెరకు అడుగు దూరంలో. చిక్కేమిటంటే, ఆ ట్యూబులో ఫిలమెంటు పొడవు. అడ్డంగా ఉన్నంతసేపూ నిలువు అంచులన్నీ మసక. చెయ్యి తెగి విడిపోయేచోట కావలసింది సరిగ్గా ఆ నిలువు అంచే! ట్యూబును నిలువుగా తిప్పితే అంచు తేరుతుంది, కానీ ఆ రకం బల్బులు అడ్డంగానే వెలగాలి, లేకపోతే త్వరగా మాడిపోతాయి. చిన్న ఫిలమెంటున్న బల్బును లెన్సు లేకుండా వాడినవాళ్లున్నారా? 16 అడుగుల తెరకు ఎన్ని వాట్లు చాలాయి? వేడికి ఏం జాగ్రత్త తీసుకున్నారు?

పావురం బొమ్మను గాలం దారం మీద సారంగధరుడి సవతి తల్లి చిత్రాంగి మేడకు 20 అడుగులు లాగుతున్నాం. వదులైతే మధ్యలో ఆగుతోంది, బిగిస్తే సైడ్ లైటుకు దారం మెరుస్తోంది. దారానికి నల్ల రంగు పూస్తే కప్పీలో జారుతుందా?

ఇంకొకటి. కాలరు మైకు పెడితే పద్యంలో రాగం పైస్థాయికి వెళ్లగానే స్పీకర్లలో గొంతు పగులుతోంది. గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గిస్తే మామూలు మాటలు వినపడవు. పద్యాలకు విడిగా స్టాండు మైకు పెట్టడమేనా, వేరే దారుందా?