మునిగిన ఊళ్లో పాటల పండక్కి వెళ్లొచ్చా? న్యూ ఆర్లీన్స్ వాళ్లు కాస్త చెప్పండి

దరువు, హ్యూస్టన్ (ఏప్రిల్ 2006)

అందరికీ నమస్కారం. న్యూ ఆర్లీన్స్‌లో గానీ ఆ చుట్టుపక్కల గానీ ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా చెబుతారని అడుగుతున్నాను. ఈ నెల 28న జాజ్ ఫెస్ట్ మొదలవుతోంది కదా. శుక్రవారం బాబ్ డిలన్, ఆదివారం బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాడతారట. నేను చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాను. ఆ ఊరి బ్యాండ్ల దరువు దగ్గర నుంచి వినాలని ఎన్నాళ్ల కోరికో. ఐ-10 హైవే ఎక్కితే ఐదారు గంటల ప్రయాణం, అంతే.

కానీ మనసొప్పడం లేదు. నిరుడు ఆగస్టులో కట్రీనా తుఫాను వచ్చి ఊరు మునిగినప్పుడు అక్కడి నుంచి వచ్చి, ఇంకా వెనక్కి వెళ్లలేక మా అపార్ట్‌మెంట్లలోనే ఉండిపోయినవాళ్లు ఉన్నారు. పొద్దున లిఫ్టులో వాళ్లని పలకరించి, సాయంత్రం వాళ్ల ఊరికే పాటలు వినడానికి బయల్దేరడమంటే అదోలా ఉంది. వెళ్తే అక్కడి జనానికి అడ్డం పడినట్టు అవుతుందా? అసలు ఉండటానికి గది, తినడానికి తిండి దొరుకుతాయా?

చాదస్తం

మీ మనసు చెప్పిందే వినండి. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా మనం పండగ చేసుకోం. అక్కడ వెయ్యిమందికి పైగా పోయారు. ఆగస్టు 29 ఇంకా తిరిగి రాలేదు. అప్పుడే డ్రమ్ములూ డాన్సులూనా? ఆ పెట్రోలు డబ్బులూ టికెట్ డబ్బులూ సాయానికి పంపితే పుణ్యం, పురుషార్థం. ఈసారి ఫెస్ట్‌కి షెల్ ఆయిల్ కంపెనీ స్పాన్సరట, అంటే ఎవరి వ్యాపారం వాళ్లదన్నమాట. నా మాట కటువుగా ఉంటే క్షమించండి.

కాల్వగట్టు

చాదస్తం గారూ, ఏటిసూతకం మాట మన వైపు నుంచి చూస్తే న్యాయమే. కానీ ఈ ఊళ్లో చావుకి బ్యాండొస్తుందండీ. శ్మశానం దాకా అడుగులో అడుగు వేసుకుంటూ, గుండె పిండేసే పాటలు వాయిస్తారు. అక్కడ పని ముగిశాక, తిరుగుదారిలో అదే బ్యాండు హుషారు పాట ఎత్తుకుంటుంది. వెనకాల జనం గొడుగులూ రుమాళ్లూ ఊపుతూ చిందులేస్తారు. ఆ వెనక నడిచేవాళ్లనే సెకండ్ లైన్ అంటారు. చావు డప్పు ఎరగనివాళ్లం కాదుగా మనం. ఫెస్ట్ ఆపేస్తే దుఃఖాన్ని గౌరవించినట్టు అవుతుందని ఇక్కడ ఎవరూ అనుకోవడం లేదు. ఆపేస్తే ఇక ఈ ఊరి పని అయిపోయినట్టేనని భయపడ్డారు.

దరువు గారూ, నేను మిడ్ సిటీలో మేడమీద వాటాలో అద్దెకుంటాను. కింది వాటా మునిగింది, కారు పోయింది. జనవరిలో తిరిగొచ్చాను. ఫెస్ట్ జరిగే ఫెయిర్ గ్రౌండ్స్ రేస్‌కోర్సు మాకు పెద్ద దూరం కాదు. అదీ మునిగింది, గ్యాలరీ పైకప్పు దెబ్బతింది. ఈ సీజన్ గుర్రప్పందేలు ఉత్తర లూసియానాకి తరలించారు. అలాంటి మైదానంలో స్టేజీలు కడుతున్నారంటే మాకు అదే పెద్ద విశేషం. మామూలుగా ఉండే గురువారం ఈసారి తీసేశారు. ఏప్రిల్ 28 నుంచి 30, మళ్లీ మే 5 నుంచి 7, ఆరు రోజులే.

మీరు డిలన్, స్ప్రింగ్‌స్టీన్ పేర్లు చెప్పారు. బయటివాళ్లని లాగేది ఆ పేర్లే, కాదనను. కానీ అసలు సంగతి చిన్న స్టేజీల దగ్గరుంది. ఇక్కడి బ్యాండ్ల వాళ్లు ఒకరు మీ హ్యూస్టన్‌లో, ఒకరు అట్లాంటాలో, ఒకరు బేటన్ రూజ్‌లో. ఫెస్ట్ పేరుతో కారేసుకుని వచ్చి, వాయించి, మళ్లీ వెళ్లిపోతారు. ఊళ్లో ఉందామంటే ఇల్లు లేదు, ఇల్లున్నా క్లబ్బుల్లో జనం లేక పని లేదు. ఈ ఆరు రోజులూ వాళ్లకి పని దొరుకుతుంది. మీ లిఫ్టులో ఎదురయ్యేవాళ్లలో ట్రంపెట్ వాయించే మనిషి ఉన్నా నేను ఆశ్చర్యపోను. సిగ్గుపడకుండా అడగండి. వాళ్లే రావాలనుకుంటున్నారేమో, మీ కారులో రెండు సీట్లు ఖాళీగా ఎందుకు రావాలి?

ఇక్కడికొచ్చాక జనం మాటలు కాసేపు వినండి. ఒకరినొకరు చూసుకోగానే మొదటి ప్రశ్న 'మీకెన్ని అడుగులు?' అని. ఇంట్లోకి ఎంత నీరొచ్చిందని అర్థం. 'నాలుగు', 'ఏడు', 'కప్పుదాకా'. రైలు టైము చెప్పినంత మామూలుగా చెప్పుకుంటారు. ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తుఫాను ముంచింది అంటే ఇక్కడివాళ్లకి ఒళ్లు మండుతుంది. ఊరిలో ఎనభై శాతం మునిగింది వరద గట్లకి గండ్లు పడి. 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువ గోడలు నీళ్లు పైనుంచి పొర్లకముందే కూలాయి. కట్టింది ఆర్మీ ఇంజనీర్లు. నా పేరు చూసి నవ్వుకుంటున్నారేమో, ఇది కట్రీనాకి ముందు పెట్టుకున్నదే.

ఉండటానికి ఫ్రెంచ్ క్వార్టర్ గానీ, నదిని ఆనుకున్న అప్‌టౌన్ గానీ చూడండి. అటు ఎత్తు, చాలావరకు మునగలేదు. హోటళ్లు తెరిచాయి కానీ కాంట్రాక్టర్లు, రిపేరు పనులకొచ్చినవాళ్లతో నిండి ఉంటాయి, ఇవాళే ఫోన్ చేయండి. నీళ్లకీ తిండికీ లోటుండదు. రెస్టారెంట్లలో మనుషుల్లేరు, మెనూ సగమే, పెందలాడే మూసేస్తారు. విసుక్కోకుండా టిప్పు కాస్త ఎక్కువే పెట్టండి. చాలా కూడళ్లలో సిగ్నళ్లు ఇంకా వెలగడం లేదు, స్టాప్ బోర్డులు నిలబెట్టారు. స్టెప్నీలో గాలి చూసుకుని రండి. రోడ్లంతా రూఫింగ్ మేకులే, పంక్చర్లవాడికి మాత్రం చేతినిండా పని. సెయింట్ చార్లెస్ ట్రామ్ నడవట్లేదు. దాని ఆకుపచ్చ బండ్లనే కెనాల్ స్ట్రీట్ మీద తిప్పుతున్నారు, అక్కడి ఎర్ర బండ్లు నీళ్లలో పాడైపోయాయి కాబట్టి.

ఇక శిథిలాలు చూడటం సంగతి. బస్సుల్లో తిప్పి చూపించే టూర్లు వచ్చాయి. మీరు ఎక్కకండి. మా వీధిలో తలుపుల మీద ఇంకా స్ప్రే పెయింటు ఇంటూ గుర్తులున్నాయి. ఎడమవైపు వెతికిన బృందం పేరు, పైన తేదీ, కుడివైపు లోపల ఉన్న ప్రమాదాలు, కింద దొరికిన మనుషుల లెక్క. మా ఎదురింటి తలుపు మీద కింద సున్నా ఉంది. ఆ ఇంటాయన ఆ తలుపుకి రంగు వేయనంటున్నాడు. బస్సు కిటికీలోంచి ఫొటో తీస్తుంటే ఆయన మెట్లమీద కూర్చుని మీవైపే చూస్తుంటాడు. అంతగా చూడాలనుంటే ఒక పూట ఎవరి ఇల్లయినా గట్టింగ్ చేయడానికి వెళ్లండి. బూజు పట్టిన గోడ షీట్లు పీకి, చెక్క ఫ్రేమ్ మిగిలేదాకా ఖాళీ చేసే పని. మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

దరువు (మే మొదటి వారం)

వెళ్లొచ్చాను. కాల్వగట్టు గారూ, మీరన్నట్టే అడిగాను. మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ, మడత కుర్చీ పట్టుకుని నాకంటే ముందే కారు దగ్గర నిలబడింది. ఆవిడకి డిలన్ అక్కర్లేదు, గాస్పెల్ (చర్చి పాటల) టెంట్ కావాలి. అక్కడ తెలిసినవాళ్లు కనబడగానే పాట మధ్యలోనే ఫలానావాళ్లు ఎక్కడున్నారు, ఇల్లు ఏమైంది అని మొదలు. మీరు చెప్పిన అడుగుల లెక్క కూడా విన్నాను. వచ్చేటప్పుడు లేక్ చార్లెస్ దాకా ఆవిడే మాట్లాడింది, ఆ తర్వాత నిద్రపోయింది.

నా గోల దరువు గదా. ఒక బ్రాస్ బ్యాండు దగ్గర ముందు వరసలో దొరికింది చోటు. బాస్ డ్రమ్ము మీద చిన్న కంచు తాళం (సింబల్) బిగించి ఉంది. ఆ డ్రమ్మరు కుడిచేత్తో డ్రమ్ము కొడుతూ, ఎడమచేత్తో ఆ తాళాన్ని స్క్రూడ్రైవర్‌తో కొడుతున్నాడు! కొందరు కోటు హ్యాంగర్ తీగ వంచి వాడతారట. దెబ్బ ఎక్కడ పడుతోందా అని ఎనిమిది అక్షరాల ఆది తాళం వేస్తూ విన్నాను. ఎనిమిదో అక్షరం మీద బరువు. మనం సమం (మొదటి అక్షరం) మీదికి వచ్చి ఊపిరి తీసుకుంటాం, వాళ్లు దానికి ఒక్క అక్షరం ముందే తోసేస్తారు. కాళ్లు ఆగవు. దీన్నే బిగ్ ఫోర్ అంటారని పక్కనున్నాయన చెప్పాడు, రెండో బార్‌లో నాలుగో దెబ్బ కాబట్టి. ఈకలూ పూసలూ కుట్టిన వేషాలతో మార్డీ గ్రా ఇండియన్లు (మార్డీ గ్రా పండక్కి అమెరికా ఆదివాసుల తరహా వేషం కట్టే అక్కడి నల్లవాళ్లు) కూడా వచ్చారు. ఒక్కో వేషం కుట్టడానికి ఏడాది పడుతుందంటే, ఇళ్లు పోగొట్టుకుని ఎప్పుడు కుట్టారో అర్థం కాలేదు.

స్ప్రింగ్‌స్టీన్ గురించి పేపర్లలో చదివే ఉంటారు. పక్కన మగవాళ్లు కళ్లు తుడుచుకోవడం చూశాను, నాకు ఆ పాటలు పెద్దగా పరిచయం లేవు.

చాదస్తం

చదివాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు గానీ, ఆ పెద్దావిడని తీసుకెళ్లడం బాగుంది. మా అబ్బాయి రెండో వారాంతం వెళ్లాడు, ఆ ఊరి పాత రాక్ అండ్ రోల్ గాయకుడు ఫ్యాట్స్ డామినో కోసమని. ఆయన పాడాడా? వీడు ఫోన్ ఎత్తడం లేదు. ఇంకోటి, డబ్బు పంపాలంటే నేరుగా ఆ వాయించేవాళ్లకే చేరే దారి ఏదైనా ఉందా?

కాల్వగట్టు

పాడలేదండీ. ఒంట్లో బాగాలేదని స్టేజీ ఎక్కి జనానికి దణ్ణం పెట్టి, క్షమించమని చెప్పి దిగిపోయారు. ఆయన బదులు లయనల్ రిచీ పాడాడు. అయినా ఎవరూ గొడవ చేయలేదు. ఆయన ఇల్లు లోయర్ నైన్త్ వార్డులో. ఆగస్టులో చనిపోయారనుకుని ఆ ఇంటి గోడ మీద నివాళి కూడా రాసేశారు, తీరా చూస్తే పడవలో బయటికి తెచ్చారు. ఆయన్ని నిలబడి ఉండగా చూడటమే చాలనుకున్నారు జనం.

డబ్బు సంగతికొస్తే, న్యూ ఆర్లీన్స్ మ్యుజీషియన్స్ క్లినిక్ అని ఉంది, 1998 నుంచి నడుస్తోంది. ఇన్సూరెన్స్ లేని వాద్యగాళ్లకి వైద్యం చేయిస్తారు. అప్పర్ నైన్త్ వార్డులో హాబిటాట్ (ఇళ్లు కట్టించే సేవా సంస్థ) వాళ్లు మ్యుజీషియన్స్ విలేజ్ పేరుతో ఇళ్లు కడుతున్నారు, దానికీ పంపొచ్చు. మీ అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదంటే ఏ టైరు దగ్గరో కూర్చుని ఉంటాడు, ఓ గంట ఆగి చేయండి.