ఆక్రమణ నవలలో నాయిక జర్మన్ ఆఫీసర్‌ని ప్రేమించొచ్చా?

పాతపుస్తకం:
సీరియల్ నవల ఒకటి రాస్తున్నాను, సలహా కావాలి. 1941 సెప్టెంబరు 19న కీవ్ జర్మన్ల చేతికి చిక్కడంతో కథ మొదలవుతుంది. నాయికకు పందొమ్మిదేళ్లు. ఆఫీసర్ల మెస్‌లో గిన్నెలు తోముతూ, మిగిలిన రొట్టె కొంగున కట్టుకుని తమ్ముడికి తెస్తుంటుంది. అక్కడే ఒక లెఫ్టినెంట్‌తో ప్రేమలో పడుతుంది. మొదటి వారంలో జర్మన్ బాంబులకు క్రెష్చాతిక్ వీధి కూలే సీను కూడా ఉంది. చదివిన మిత్రుడు "ఈ ప్రేమకథ అవసరమా" అన్నాడు. మీరేమంటారు?

లెక్కలమాస్టారు:
ప్రేమ సంగతి తర్వాత. క్రెష్చాతిక్‌ని కూల్చింది జర్మన్ బాంబులు కావు. సోవియట్ వాళ్లు వెనక్కి తగ్గుతూ పెట్టిపోయిన మందుపాతరలు సెప్టెంబరు 24 నుంచి పేలాయి. ఆ నెపం యూదుల మీద వేసి, 29, 30 తేదీల్లో బాబిన్ యార్ లోయలో 33,771 మందిని కాల్చి చంపారు. అది జర్మన్లు తామే రాసుకున్న లెక్క. ఈ సీను తప్పయితే దాని తర్వాత వచ్చేదంతా తప్పే. పైగా కీవ్‌లో కొంగేమిటండీ?

గోదారిగట్టు:
కొంగు 😄

సరళ:
నాకు ప్రేమ అనే మాట దగ్గరే అడ్డం పడుతోంది. ఆ లెఫ్టినెంట్ ఒక్క మాట అంటే ఆ పిల్ల పని పోతుంది, రొట్టె పోతుంది, లేదా కూలిపనికి జర్మనీ రైలు ఎక్కిస్తారు. కాదనే వీలు లేనప్పుడు ఔనన్నదానికి విలువేముంది?

పాతపుస్తకం:
సరళ గారూ, యుద్ధంలో మనుషులు ప్రేమించుకోరా? జర్మన్ సైనికులకు పుట్టిన పిల్లలు అక్కడ లేరా? నేను చరిత్ర పాఠం రాయడం లేదు, నవల రాస్తున్నాను. కొంగు తీసేస్తాను, శాలువా అంటాను.

లెక్కలమాస్టారు:
క్రెష్చాతిక్?

ఖార్కివ్‌డాక్టర్:
నేను ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతూ 2022 మార్చిలో మధ్యలోనే వచ్చేశాను. మా ఇంటి ఓనరమ్మకు డెబ్బై ఏళ్లు. ఒకరోజు బీరువా అడుగు నుంచి చిన్న గుడ్డముక్క తీసి చూపించింది. నీలం మీద తెల్ల అక్షరాలు, ఓఎస్‌టీ, అంటే జర్మన్‌లో తూర్పు. తూర్పు నుంచి తెచ్చిన కూలీలని గుర్తుపట్టడానికి జర్మన్లు బట్టల మీద కుట్టించిన బ్యాడ్జి. వాళ్లమ్మది. 1942లో పదిహేడేళ్లప్పుడు తీసుకెళ్లారట. ఉక్రెయిన్ నుంచి అలా 20 లక్షల మందికి పైగా పోయారు, సుమారు సగం ఆడవాళ్లే. జర్మన్ ఇళ్లలో పనిమనుషులుగా పెట్టడానికే అమ్మాయిల్ని ప్రత్యేకంగా తెమ్మని ఆ ఏడాదే ఆదేశాలు వచ్చాయి. తీసుకెళ్లే ముందు చేసే వైద్య పరీక్షలో ఫెయిలై తప్పించుకోవాలని చేతుల మీద కావాలని పుండ్లు చేసుకున్నవాళ్లూ ఉన్నారు.

కూతురికి, అంటే మా ఓనరమ్మకి, ఇదంతా ఎప్పుడు తెలిసిందో తెలుసా? 2000 తర్వాత జర్మనీ నష్టపరిహారం ఇస్తామంటే, ఆ ఫారం నింపేటప్పుడు. అప్పటిదాకా ఒక్క మాట లేదు. తిరిగొచ్చినవాళ్లని సోవియట్ పోలీసులు విచారించేవారు. తర్వాత ఉద్యోగాల దరఖాస్తుల్లో కూడా "శత్రువు ఆక్రమించిన ప్రాంతంలో ఉన్నారా" అని అడిగేవారట.

పాతపుస్తకం:
చాలా బాగుంది, ఆ బ్యాడ్జి వాడుకోవచ్చా? మా నాయిక కూడా నలిగిపోతుంది. గర్భవతి అవుతుంది. 1943 నవంబరులో ఎర్రసైన్యం కీవ్‌కి వస్తుందనగా ఉరేసుకుంటుంది.

సరళ:
ఎందుకు చంపుతున్నారు?

పాతపుస్తకం:
మరి ఏ మొహంతో బతుకుతుందండీ?

సరళ:
ఏ మొహంతోనా? మా పిన్ని రాజంపేట పక్క పల్లె నుంచి గల్ఫ్ వెళ్లి ఏడేళ్లు ఒక ఇంట్లో వంట చేసింది. తిరిగొచ్చాక రెండు జతల గాజులు చూసి ఊరంతా ఒకటే గుసగుస. సొంత అన్నే "అక్కడ ఏం చేశావో మాకు చెప్పకు" అన్నాడు. ఉరేసుకోలేదు. కుట్టుమిషన్ పెట్టుకుంది, నిన్న కూడా నాకు జాకెట్టు కుట్టి పంపింది. మీ నవలలో అయితే రెండో భాగంలోనే పోయేది.

లెక్కలమాస్టారు:
అమ్మా, గల్ఫ్ వేరు. మీ పిన్నిగారు టికెట్ కొనుక్కుని వెళ్లారు. వాళ్లని గూడ్సు పెట్టెల్లో కుక్కి తీసుకెళ్లారు.

సరళ:
వెళ్లడం వేరే, ఒప్పుకుంటాను. వచ్చాక అడిగే ప్రశ్న మాత్రం ఒకటే మాస్టారూ. ఆవిడ శుద్ధంగా ఉంటే జాలి, లేకపోతే పోలీసు. ఈయన నవలకు ఆ పోలీసు అక్కర్లేదు, ఆ పని ఈయనే చేస్తున్నాడు.

పాతపుస్తకం:
నన్ను పోలీసనడం అన్యాయం. అసలు సంగతి చెప్పేస్తాను. రెండేళ్ల క్రితం ఇలాంటి కథే ఒక వారపత్రికకు పంపాను. అందులో నాయిక బతికింది, పిల్లని పెంచుకుంది. "తప్పు చేసిన స్త్రీకి శిక్ష లేకుండా ముగించారు" అని తిప్పి పంపారు. నాకు చంపాలని లేదు. చస్తేనే పాఠకుడు క్షమిస్తాడు.

గోదారిగట్టు:
నేను పాఠకుణ్ణే. నన్నెవరూ అడగలేదు.

ఖార్కివ్‌డాక్టర్:
బ్యాడ్జి వాడుకోండి సార్. కానీ ఓనరమ్మ వాళ్లమ్మ దాన్ని పారెయ్యలేదు, కాల్చలేదు. అరవై ఏళ్లు బట్టల కింద దాచుకుంది. ఎందుకో ఓనరమ్మకీ తెలీదు.

పాతపుస్తకం:
క్రెష్చాతిక్ మార్చాను, మందుపాతరలనే రాశాను. ఉరి ప్రస్తుతానికి తీసేశాను. ఆ పిల్ల వంటింట్లో కూర్చుని ఉంది, తర్వాత ఏం చేస్తుందో తోచడం లేదు.

సరళ:
లెఫ్టినెంట్?

లెక్కలమాస్టారు:
24వ తేదీ అని వేశారా?