మన్‌స్టర్-లెన్‌స్టర్ మ్యాచ్: ఎవరిది పైచేయి?

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఉంటున్నాను. శనివారం ఇక్కడి థోమండ్ పార్క్ స్టేడియంలో మన్‌స్టర్, లెన్‌స్టర్ అనే రెండు ఐరిష్ ప్రాంతాల రగ్బీ జట్ల మ్యాచ్‌కి ఆఫీసువాళ్లు టికెట్ తీశారు. గోల్‌కి కిక్ కొట్టేటప్పుడు, అవతలి జట్టువాడైనా సరే, అక్కడ ఎవరూ నోరెత్తరట. క్రికెట్ గోలకి అలవాటుపడ్డ నాకు అదో టెన్షన్!

అసలు విషయానికొస్తే, ఐర్లండ్ జట్టులో ఎక్కువమంది లెన్‌స్టర్ వాళ్లే కాబట్టి ఆఫీసులో అందరూ వాళ్లనే ఫేవరెట్ అంటున్నారు. కానీ 2023 యునైటెడ్ రగ్బీ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో మన్‌స్టర్ ఆటగాడు జాక్ క్రౌలీ ఆఖర్లో కొట్టిన డ్రాప్ గోల్‌తో (ఆట సాగుతుండగానే బంతిని నేలకి వదిలి, అది ఎగరగానే పోస్టుల మధ్యకి తన్నడం) మన్‌స్టర్ 16-15తో లెన్‌స్టర్‌పై గెలిచింది, అదీ లెన్‌స్టర్ సొంతగడ్డ డబ్లిన్‌లో.

రగ్బీ తెలిసినవాళ్లు ఒకటి చెప్పండి. బెంచ్ మీది ఎనిమిది మంది సబ్‌స్టిట్యూట్లలో ఆరుగురు ఫార్వర్డ్‌లను (ముందు వరుసల్లో బలంగా తోసే బరువైన ఆటగాళ్లు) పెట్టుకుంటే రెండో హాఫ్‌లో స్క్రమ్‌లో (రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలపడి తోసుకునే చోట) బలం తగ్గదు, సరే. కానీ అప్పుడు బెంచ్ మీద బ్యాక్స్ (వెనక ఉండి బంతితో పరుగెత్తే ఆటగాళ్లు) ఇద్దరే ఉంటారు; ఆటలో ఇద్దరు బ్యాక్స్‌కి దెబ్బలు తగిలితే ఏంటి పరిస్థితి? మన్‌స్టర్‌కి ఆ రిస్క్ అవసరమా?