బైపాస్‌లో ట్రానెక్సామిక్ యాసిడ్: ఎక్కువ మోతాదా, తక్కువ మోతాదా?

కావలి వాసి:
మా నాన్నగారికి వచ్చే వారం నెల్లూరులో బైపాస్ ఆపరేషన్. బరువు 60 కిలోలు. రక్తం ఎక్కువగా పోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తామన్నారు. మోతాదు పెరిగితే ఫిట్స్ వస్తాయని ఒకరు, తగ్గితే రక్తం ఎక్కించక తప్పదని మరొకరు అంటున్నారు. ఏది నిజం?

ఒంగోలు పెర్ఫ్యూజనిస్టు:
రెండూ నిజమేనండీ. ఆపరేషన్‌లో గుండె-ఊపిరితిత్తుల యంత్రాన్ని నడిపే నేను మాత్రం ఎక్కువ మోతాదు వైపే ఉంటాను. చైనాలో మూడు వేలకు పైగా రోగులపై జరిపి 2022లో ప్రచురించిన ఆప్టిమల్ పరిశీలనలో, తక్కువ మోతాదు తీసుకున్నవారిలో 26 శాతం మందికి రక్తకణాలు ఎక్కించాల్సి రాగా, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో అది 21.8 శాతమే. నెగటివ్ గ్రూపు రక్తం కోసం అర్ధరాత్రి బ్లడ్ బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఫోన్లు చేసే బంధువులను చూసినవాడికి ఆ నాలుగు శాతం చిన్నదిగా కనిపించదు.

నెల్లూరు మత్తు వైద్యుడు:
అదే పరిశీలనలో ఫిట్స్ 0.4 శాతం నుంచి 1 శాతానికి చేరిన సంగతి మీరు దాటవేశారు. మొత్తం ప్రమాదాల లెక్కలో రెండు మోతాదులకూ పెద్ద తేడా లేదన్నది ఒప్పుకుంటాను. కానీ ఒక్కసారి ఆంప్యూళ్లు (మందుండే చిన్న గాజు గొట్టాలు) లెక్కపెట్టండి. నాలుగు గంటల ఆపరేషన్ అనుకుంటే, 60 కిలోల మనిషికి ఆ పరిశీలనలోని తక్కువ మోతాదు పద్ధతిలో 500 మిల్లీగ్రాముల ఆంప్యూళ్లు మూడు చాలు. ఎక్కువ పద్ధతిలో పన్నెండు విరగ్గొట్టాలి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ప్లాస్మినోజెన్‌ను ఆ గడ్డకు అంటుకోనివ్వకుండా చేసే ఈ మందే, మెదడుకు చేరితే నరాల ఉద్రేకాన్ని అదుపు చేసే గ్రాహకాలకు అడ్డుపడుతుంది. ఫిట్స్‌కు కారణం అదే. పైగా ఇది ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కనుక, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కనిగిరి వైపు నుంచి వచ్చిన రోగికైతే, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడనిదే నేను సిరంజి ముట్టుకోను.

ఒంగోలు పెర్ఫ్యూజనిస్టు:
మూత్రపిండాలు దెబ్బతిన్నవారి విషయంలో మీతో వాదించను. అవి బాగున్నవారికీ భయపడి మోతాదు తగ్గించడమే నాకు నచ్చనిది. గుండె ఆపరేషన్లలో ఇదే మందుపై జరిగిన అటాకాస్ అనే పరిశీలనలో కిలోకు 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఫిట్స్ చూసి మధ్యలో 50కి తగ్గించారు. అంతేగాని మందును మానలేదు.

కావలి వాసి:
నాన్నగారి క్రియాటినిన్ 1.9 అని రిపోర్టులో ఉంది.

నెల్లూరు మత్తు వైద్యుడు:
అది ఉండాల్సినదానికన్నా ఎక్కువే. అయినా మందు వద్దనకండి. ఆపరేషన్‌కు ముందు మత్తు వైద్యుడు చూడటానికి వచ్చినప్పుడు ఆ రిపోర్టు చేతికిచ్చి, ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే అదీ చెప్పి, మోతాదు కిడ్నీకి తగ్గట్టు సరిచేస్తున్నారా అని అడగండి.